అర్ధగంట దూరం

జూన్ 5
అబద్ధం చెప్పింది నాయన. రాసింది నేను. నా చేత్తోనే, నా పెన్నుతోనే.

బెంగుళూరు పెద్దాసుపత్రిలో మేడం అడిగింది — "మనె ఎష్టు దూర?" ఇల్లు ఎంత దూరమని. నేను నోరు తెరిచే లోపలే నాయన — "ఇల్లే మేడమ్, హత్తిరనే. యలహంక. అర్ధగంట." ఈడే, దగ్గిరే అని మంచినీళ్లు తాగినంత సులువుగా చెప్పేసినాడు. యాభై ఆరేండ్లకు ఈ విద్య యాడ నేర్చినాడో.

మేడం నా తట్టు చూసింది. తలూపినా. ఫారంలో ఇప్పుడుండే చిరునామా గడిలో చిన్నమ్మ కొడుకు రవి ఉండే రూము అడ్రసు రాసినా. ఊర్లో అందరి ఫారాలూ నింపేది నేనే కదా. ఆ గడి కాడ పెన్ను రొంత కూడా ఆగలేదు.

జూన్ 6
ఎందుకు చెప్పినాడో రాసి పెట్టుకోవల్ల. లేదంటే రేపు నేనే మర్చిపోయి నాయన్ను తిట్టుకుంటా.

మేడం చెప్పింది ఇది. రెండు నెల్లుగా ఎక్కించిన మందుకు రక్తంలో జబ్బు ఇప్పుడు కనపడలేదు. కనపడలేదంటే పోయినట్ల కాదు, దాక్కున్నట్ల. ఇంకా నాలుగు విడతలు మందు పడల్ల. గట్టి మందు పెడితే దాక్కున్నది కూడా చచ్చేదానికి వీలుండాది. కానీ అది పెట్టినాక ఒంట్లో తెల్లకణాలు అడుక్కంటా పడిపోతాయి. ఆ పదైదు దినాల్లో జ్వరమొస్తే గంట లోపల ఆసుపత్రిలో ఉండల్ల. లేకుంటే జబ్బు కంటే ముందు జ్వరమే మనిషిని తీసకపోతాది. అందుకని గట్టి మందు దగ్గిరుండే వాళ్లకే. దూరమోళ్లు నాలుగు నెల్లు ఈడే రూము తీసుకోండి, లేదా మెత్తని మందు తీసుకోండి అంటారు. మెత్తని మందుకు జబ్బు తిరగబడేదే ఎక్కువంట.

బస్సులో నాయన: "సగం మందు కొడితే పురుగు సస్తాదా? బలుస్తాది. ముప్పై ఏండ్లు చేనికి మందు కొట్టినోన్ని, నాకు చెప్తారా."
"మరి రూమన్నా తీసుకుందాం నాయనా."
"విత్తనం ఎవురేస్తారు? మీయమ్మా?"

సర్కారు ఆరోగ్య కార్డు మందుకే. దారికి కార్డు లేదు, రూముకు లేదు. ఉచితంగా ఉండనిచ్చే సత్రంలో పేరు రాయించినాం. మా ముందర చానా పేర్లుండాయి.

ఊర్నుంచి బెళుగుప్పకు ఆటో. ఆడ్నుంచి కళ్యాణదుర్గం. ఆడ్నుంచి అనంతపురం. అనంతపురం నుంచి బెంగుళూరు. మొబ్బులో లేసి బయల్దేరితే ఆసుపత్రి గేటు కాడ నీడ కాళ్ల కిందికి వచ్చిండాది. అర్ధగంట అంట!

జూన్ 7
అమ్మకు చెప్పినా. సంగటి కెలుకుతానే — "దేవుని కాడ అబద్ధమాడినామా ఏం? డాక్టర్ల కాడే కదా."

జూన్ 9
మొదటి విడత మొదలు. సిస్టర్ చీటీ ఇచ్చింది. 100.4 దాటితే ఫోన్, గంట లోపల ఆసుపత్రి. చదివి వినిపించమంటే గడగడా చదివినా.

థర్మామీటరు నా సంచిలో ఎప్పుడూ ఉండేదే. ఎనిమిదేండ్లు ఆశా పని చేసినదాన్ని. బాలింతల ఇండ్ల కాడ నిలబడి నేనే కదా చెప్పేది — జ్వరమొస్తే ఇంట్లో పెట్టుకోవద్దు తల్లీ, ఆసుపత్రి ఎంత దూరమో ముందే చూసి పెట్టుకో అని. చెప్పేవి శ్రీరంగనీతులు.

జూన్ 11
పక్క మంచంలో మల్లేశ్వరం పెద్దాయన, ఇల్లు బెంగుళూర్లోనే. అదే జబ్బు, అదే మందు, అదే మేడం. వాళ్ల కోడలు పొద్దునా సాయంత్రం క్యారియర్ తెస్తాది, చారు పొగలు కక్కుతానే ఉంటాది. మా అమ్మ కట్టిచ్చిన రొట్టెలు మాత్రం అట్టలైనాయి.

నాయన — "మంచోడే పాపా. ఇల్లు కట్టుకున్న చోటు కూడా మంచిదే." నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు.

జూన్ 12
ఎదురు మంచంలోకి మా తట్టు విడపనకల్లు ఖాదర్ వచ్చినాడు. బండి మీద ఊరూరా చీరలమ్మే మనిషి. పెండ్లాం రమీజా. వాళ్లకు మొదటి నెల మందే ఇంకా మొదలు కాలేదు.

నాయన అప్పుడే బోధ మొదలుపెట్టినాడు. "ఏమప్పా ఖాదరూ, ముందు ముందు నిన్నూ అడుగుతారు, ఇల్లు యాడ అని. దూరమంటివో, నీళ్ల మందిచ్చి పంపిస్తారు. పక్కనే అను. అర్ధగంట అను." రమీజా కొంగు నోటికడ్డం పెట్టుకొని వింటాంది. గొప్ప గురువు దొరికినాడు వాళ్లకు. "ఊరుకో నాయనా" అన్నా. ఊరుకుంటే నాయన ఎట్లయితాడు.

జూన్ 15
రవి రూము. మందు అయినాక ఈడికి వచ్చినాం. రేకుల ఇల్లు. ఏడుమంది గారపనోళ్లు. దుమ్ము తగలకూడదని సిస్టర్ చెప్పింది, వీళ్ల ఒంటినిండా సిమెంటే. రవి — "పెద్దనాయనా, మేమంతా బయట పండుకుంటాం లే." వాళ్లంతా వాకిట్లో, నాయన లోపల. ఎవురి రుణం ఎట్ల తీరుస్తామో.

జూన్ 17
98.6. ఇడ్లీ ఒకటి.

జూన్ 18
99. ఏమీ తినలేదు. నోరంతా పుండ్లు. మజ్జిగ తాగుతాంటే కండ్లలో నీళ్లు.

జూన్ 21
101. ఆటో. ముక్కాల్గంటకు ఆసుపత్రి. దిగినంక నిమిషాల్లో సూది పడింది. మేడం భుజం తట్టింది — "బేగ తెచ్చినావు, మంచి పని." భూమి చీలితే బాగుండు అనిపించింది.

జూన్ 27
జ్వరం పోయింది. కణాలు లేస్తాండాయి. నాయన — "చూస్తివా? అర్ధగంటే కదా నేను చెప్పింది."
నిజమే అనిపించింది. ఆ పొద్దుకు నిజమే అనిపించింది.

జూలై 2
ఊరు. వాన లేదు. మోడం వస్తాది, గాలి తీసకపోతాది. ఇంటింటా చెనిక్కాయ విత్తనం మూటలు కట్టి పెట్టుకొని ఆకాశం తట్టు చూస్తాండారు. నాయన దినానికి నాలుగుసార్లు చేని కాడికి పోయి మన్ను పిడికిట్లో పట్టి చూసొస్తాడు. మన్ను ముట్టుకోవద్దని మేడం చెప్పిందంటే — "మన్ను ముట్టుకోకుండా బతికేదానికి ఈ మందెందుకే నాకు?"

నాకు జవాబు తెలుసు. నాకోసం, అమ్మకోసం అని చెప్పల్ల. చెప్పనీక సిగ్గయింది. ఇంట్లో అట్లాంటి మాటలు ఎవురూ మాట్లాడరు.

జూలై 5
మా ఇంటాయన ఫోన్ చేసినాడు. బోర్లేసే లారీ మీద యాడో ఒడిశా తట్టు ఉండాడు. "మామకు ఎట్లుంది?" బాగుండాడన్నా. "నీకు?" ఫోన్ కట్టయింది. సిగ్నలో, నేనే కట్ చేసినానో.

జూలై 10
రెండో విడత.

జూలై 16
మందు అయిపోయింది. రవి రూము. పోయినసారికంటే నీరసంగా ఉండాడు. గోడ పట్టుకొని నడుస్తాండాడు, నేను చూస్తే గోడ విడిచిపెడతాడు.

జూలై 21
పొద్దున్నే అమ్మ ఫోన్. ఏడుస్తాందనుకున్నా. నవ్వుతాంది. "వాన పడిందే! చేనంతా పదునుండాది!"

నాయన ఫోన్ లాక్కున్నాడు. అంతే, మనిషి మారిపోయినాడు. గోడ పట్టుకోకుండా లేసినాడు. పదును మూడు దినాలుంటాది. ఆమీద మన్ను ఆరిపోతే వేసిన గింజ మొలకెత్తదు. ఊరంతటికీ ట్రాక్టర్లు నాలుగు.

"రెండు దినాలు పాపా. ట్రాక్టరోడు మీయమ్మ మాట వింటాడా? మన చేను కడాకు వేస్తాడు."
"ఈ వారమే నాయనా కణాలు పడిపోయేది."
"పోయినసారి ఏమైంది? సూది వేస్తే పోయింది."
"అప్పుడు ఈడుండినాం!"
"మల్లా ఈడికే వస్తాం కదే."

నాయన తెలివి లేనోడు కాదు. పోయినేడు గింజ చేతికి రాలేదు. ఈ చెనిక్కాయలే మూడో విడతకు బస్సు, నాలుగో విడతకు తిండి. అది ఆయనకు తెలుసు, నాకు తెలుసు. అయినా అరిచినా. చెప్పులు లాక్కొని దాపెట్టినా. ఒట్టి కాళ్లతో వాకిలి దాటినాడు. ఆ చెప్పులే చేత పట్టుకొని ఎనకాల పోయినా. నా కోపం బతుకు అంతే.

మేడంకు ఫోన్ చేద్దామనుకున్నా. ఏమని? ఊరికి పోతాండామంటే, ఏ ఊరు అంటాది కదా.

జూలై 23
విత్తినాం. నాయన గెనిమె గట్టు మీద నిలబడి ట్రాక్టరోన్ని తిడతాండాడు, మాస్కు గడ్డం కిందికి జారింది. "సాలు వంకర పోతాంది కనపడలేదేమప్పా, పెండ్లాం గుర్తొచ్చిందా?" వాడు నవ్వుతాండాడు, అమ్మ నవ్వుతాంది. తడి మన్ను వాసన. నేనూ నవ్వినా. నిజం చెప్పల్ల — ఈ ఏడు నేను బాగున్నది ఆ ఒక్క పూటే.

98.8. ఒక మూల మిగిలింది. రేపు వేసి, ఎల్లుండి పోదామన్నాడు.

జూలై 24
99.4. మల్లా పెట్టినా — 99.2. కాఫీ తాగినాడు కదా, అందుకే అనుకున్నా.
ఏ బాలింత అత్తన్నా నా కాడ ఇట్ల చెప్పింటే, వీధిలో నిలబెట్టి తిట్టుండేదాన్ని.

జూలై 26
నిన్నటిది రాస్తాండా. ఆసుపత్రి వరండాలో.

సందేళ బస్సుకు పోదామని సంచి సర్దుతాండినా. మధ్యాన్నం పన్నెండుకు చలి మొదలైంది. ఎండలో కూచోని వణుకుతాండాడు. 101.6. ఫోన్ చేసినా.
సిస్టర్ — "ఎంత? సరే, వెంటనే బయల్దేరు. బెడ్డు పెట్టిస్తా. అర్ధగంట కదా?"
"ఆ… అర్ధగంట సిస్టర్."
నోరు పడిపోను. అప్పుడన్నా చెప్పకపోతినే.

పక్కింటి తిప్పేస్వామి అన్న కారు తీసినాడు. ఎనక సీట్లో అమ్మ ఒళ్లో నాయన తల. మా పీహెచ్‌సీ దాటినాం. వాకిలి తెరిచే ఉండాది. నర్సమ్మ నన్ను చూసి చెయ్యూపింది. నేనూ చెయ్యూపినా. కళ్యాణదుర్గంలో ఆసుపత్రి దాటినాం. అనంతపురంలో ఎన్ని దాటినామో. తిప్పేస్వామి అన్న — "ఈడ ఒకసారి చూపిద్దామా అమ్మా?" నాయన కండ్లు మూసుకోనే — "వద్దు. ముందర ఇట్లనే యాడనో ఒకచోట నిలిపితే నెల దినాలు టైఫాయిడ్ అన్యారు. నేరుగా పోనీ." నేనూ అదే అన్నా. బెడ్డు పెట్టింటారు కదా, బిరీన పోదామన్నా.

పెనుకొండ కాడ సిస్టర్ ఫోన్. "యాడుండారమ్మా?"
"ట్రాఫిక్ సిస్టర్."
రెండు తట్లా చెనిక్కాయ చేన్లు, రోడ్డు మీద ఒక్క లారీ కూడా లేదు. ట్రాఫిక్ అన్నా.
బాగేపల్లి కాడ మల్లా ఫోన్. ట్రాఫిక్ అన్నా.
చిక్కబళ్లాపురం దాటినాక నాయన మాట తడబడింది. అమ్మను తన కన్నతల్లి అనుకోని పిలిచినాడు. అమ్మ "ఆ, ఈడే ఉండా నాయనా" అని పలికింది.

చేరేసరికి సందేళ ఏడు. ఇంకొకర్ని ఆ బెడ్డులో పండబెట్టి చానా సేపైంది.

జూలై 27
ఐసీయూ. బీపీ నిలవలేదు. గొంతులో గొట్టం. అయిదు నిమిషాలు చూడనిచ్చినారు. గోళ్ల సందుల్లో ఇంకా ఎర్రమన్ను ఉండాది. ఎవురూ కడగలేదు. నన్ను కడగనీలేదు.

జూలై 28
మేడంకు చెప్పేసినా. మొత్తం. యలహంక కాదు, బెళుగుప్ప కాడ. అర్ధగంట కాదు. ట్రాఫిక్ కాదు.

తిడతాదనుకున్నా. తిట్టింటే బాగుండు. కుర్చీలో కూచోని చాన్నాళ్ల నుంచి తెలిసిన మనిషి మాదిరి నన్ను చూసింది. "మొదట్లో ఎందుకు అబద్ధం చెప్పినారో నాకు అర్థమైతాది. దినం చూస్తానే ఉంటా. కానీ ఆ రోజు ఫోన్‌లో చెప్పింటే… దగ్గర్లో ఏ చిన్న ఆసుపత్రి ఉన్నా, ముందు ఒక్క సూది వేయించుకొని బయల్దేరమని చెప్పేవాళ్లం కదమ్మా. అది యాడైనా దొరుకుతుంది."
"ఏం సూది మేడం?"
పేరు చెప్పింది.

తెలుసు నాకు ఆ సూది. మా పీహెచ్‌సీ బీరువాలో మూడో అరలో ఉంటాది. పోయిన నెల ఆ అట్టపెట్టెలు సర్దింది నేనే.
మా ఇంటి నుంచి పీహెచ్‌సీకి పది నిమిషాలు.
పది నిమిషాలు.

జూలై 29
అమ్మకు ఆ సూది సంగతి చెప్పలేదు. చెప్పను. అమ్మ ఊరికి పోయింది, చేను చూసుకోవల్ల కదా అని నేనే పంపించినా. నా మొగం చూస్తే కనిపెడతాదని పంపించినా.

జూలై 30
అమ్మ ఫోన్. "మొలకొచ్చిందే. సాలుకు సాలు నిండుగా వచ్చింది. మీ నాయనకు చెప్పు."
చూడనిచ్చే అయిదు నిమిషాల్లో మొదటి నిమిషం చేతులు కడుక్కోనీకే సరిపోయింది. చెవి కాడ చెప్పినా. నాయనా, మొలకొచ్చింది. ట్రాక్టరోడు సాలు వంకర తొక్కలేదంట. రెప్ప కదల్లేదు. మిషను మాత్రం తన పాటికి తాను గాలి కొడతాంది.

జూలై 31
మల్లేశ్వరం పెద్దాయన వచ్చినాడు, మూడో విడతకు. చెయ్యి పట్టుకునే వాళ్లు లేకుండా నడిచి వచ్చినాడు. తలకు టోపీ. "నిమ్మ తందె ఎల్లమ్మ?" — మీ నాయన యాడ అని. తలుపు చూపించినా. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆయనకూ పోయినసారి జ్వరం వచ్చిందంట. కోడలు తెచ్చిందంట. పది నిమిషాలంట.

తప్పు ఆయనది కాదు. పాపం, నా చేతిలో రెండు పండ్లు పెట్టి పోయినాడు. అయినా ఒళ్లు మండింది. మంచి మనిషి మీద నాకెందుకు దేవుడా ఈ కుళ్లు. పండ్లు తినలేదు. పారెయ్యనూ లేదు.

ఆగస్టు 2
కిడ్నీలు కూడా అన్యారు. సంతకం పెట్టినా. కింద చిరునామా గడి. ఊరు పేరు రాసినా, మండలం రాసినా. ఇప్పుడు రాసి ఏం లాభం. చేతులు కాలినాక ఆకులు.

ఆగస్టు 3
సత్రం నుంచి ఫోన్. మా పేరు వచ్చిందంట. మంచం ఖాళీ అయింది, రేపే రావల్లంట.

ఆగస్టు 4
రమీజా వచ్చి పక్కన కూచునింది. చేతిలో ఫారం. "అక్కా, రొంత నింపియ్యక్కా." ఖాదర్‌కు మొదటి మందు అయిపోయిందంట. జబ్బు కనపడలేదంట. చెప్తాంటే రమీజా మొగం వెలిగిపోతాంది.

అదే ఫారం. పేరు రాసినా. వయసు రాసినా. చిరునామా కాడ ఆగినా.

రమీజా గొంతు తగ్గించి — "శివాజీనగర్‌లో మా మామ కొడుకుండాడు. ఆ అడ్రసు రాయి. అర్ధగంట అని రాయి. మీ నాయనే చెప్పినాడు కదక్కా."
"మా నాయన యాడుండాడో తెలుసా నీకు?"
తలొంచుకుంది. "తెలుసక్కా." ఫారంలో ఆ గడి మీద వేలు పెట్టింది. ఆమీద — "దూరమని రాస్తే మెత్తని మందే కదా? నాలుగు నెల్లు ఈడ రూము తీసుకునే శక్తి మాకు యాడిదక్కా? ఇంటికాడ ముగ్గురు బిడ్లు… నువ్వే చెప్పు, ఏం రాయల్ల?"

నన్ను అడుగుతాంది. ఎనిమిదేండ్లు ఆశా పని చేసినదాన్ని అడుగుతాంది. విడపనకల్లు అని రాస్తే ఖాదర్‌కు జబ్బు తిరగబడతాదేమో. శివాజీనగర్ అని రాస్తే ఆ తలుపెనకాల మా నాయన.

మా సత్రం మంచం మీకిప్పిస్తా అన్నా. పరిగెత్తి పోయి అడిగినా. పేరు మార్చనీక కాదంట. వరసలో రావల్లంట.

చీటీ మీద ఆ సూది పేరు రాసిచ్చినా. జ్వరమొస్తే ఏ ఊర్లో ఉంటే ఆ ఊర్లోనే, ముందు ఇది వేయించుకో, ఫోన్‌లో ఎవురడిగినా ఉండే ఊరే చెప్పు అన్నా. "నాకు చదవను రాదక్కా." చూపిస్తే చాలన్నా. మడిచి తాయెత్తు మాదిరి రవికెలో పెట్టుకుంది.

ఆ గడి మాత్రం ఖాళీగానే ఉండాది. కౌంటరు నాలుగింటికి మూస్తారు. ఇప్పుడు మూడూ ఇరవై. రమీజా నా చేతి తట్టే చూస్తాంది.

ఐసీయూ తలుపు కాడ సిస్టర్ నాయన పేరు పిలుస్తాండాది. చూసే టైము కాదే ఇది… ఫారం నా చేతిలోనే ఉండాది.